యాభై నిండని యెజ్డీ

మేడ్చల్‌లో మా ఇంటి వరండాలో ఒక యెజ్డీ రోడ్‌కింగ్ ఉంది. 1989 బండి, నాన్న కొన్నది. ఉన్నచోటి నుంచి అంగుళం కదలకుండానే 2014లో రాష్ట్రం మారింది, 2016లో రంగారెడ్డి జిల్లా దాటి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో పడింది. టీఎస్ ప్లేట్లు వచ్చి పోయాయి, 2024 నుంచి టీజీ నడుస్తోంది. మా బండి మాత్రం ఏపీ నంబరుతో ఇంకా ఉమ్మడి రాష్ట్రంలోనే ఉంది.

దీన్ని బాగు చేయించాలా, వదిలించుకోవాలా అన్నది మా ఇంట్లో పండగ పండక్కీ లేచే పంచాయితీ. వచ్చిన ప్రతి చుట్టమూ చాయ్ తాగి, ఖాళీ కప్పు దాని సీటు మీదే పెట్టి, "ఇంకెన్నాళ్లుంచుతవు బావా, జాగ దండుగ!" అంటాడు.

పక్కింటి రిటైర్డ్ సారుది ఒకటే సలహా: "పాత ఇనుప సామాన్లాయనకు ఏసెయ్." ఆయన చెప్తే వచ్చాడేమో, సామాన్లాయన ఓ పొద్దున దిగాడు. ఇంజన్ వైపు చూడలేదు, పేరు అడగలేదు, వెనక చక్రం దగ్గర పట్టుకుని కొంచెం పైకి లేపాడు. కిలోకింత అన్నాడు. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట అంటే ద్రాక్ష తోటలు. ఇప్పుడు వెంచర్ల ఆర్చీలున్న చోట అనాబ్-ఎ-షాహి పందిళ్లుండేవి. ఈ బండి వెనక బుట్టలు కట్టి నాన్న పట్నానికి కిలోల కొద్దీ పండ్లు మోశాడు. అలాంటి బండినే ఇప్పుడు కిలోల్లో అడుగుతున్నారు.

తర్వాత గచ్చిబౌలి నుంచి ఒక కుర్రాడొచ్చాడు, పాత బండ్లంటే ప్రాణమట. ట్యాంకు నిమిరాడు. "అంకుల్, ఇది బండి కాదు, ఎమోషన్" అన్నాడు. రేటు దగ్గరికొచ్చేసరికి ఎమోషన్ తగ్గిపోయి తుప్పు లెక్కలోకి వచ్చింది. ఒకసారి స్టార్ట్ చేసి చూస్తానన్నాడు. కుడివైపు కిక్ రాడ్డు కోసం వెతికాడు. ఎడమవైపుకొచ్చి వెతికాడు. చివరికి వంగి బండి కిందికి కూడా చూశాడు. యెజ్డీకి గేర్ రాడ్డే కిక్ రాడ్డు. దాన్ని లోపలికి నొక్కి, పైకి తిప్పి నిలబెట్టి కొట్టాలి. ఇంజన్ అందుకున్నాక మళ్లీ కిందికి దించి అదే రాడ్డుతో గేర్లు వేసుకోవాలి. కుదరని రోజున అది వెనక్కి తన్ని పిక్క మీద సంతకం పెడుతుంది. కుర్రాడి ఎమోషన్ కుంటుకుంటూ వెళ్లిపోయింది.

అమ్మొద్దన్నవాడు ఒక్కడే, శామీర్‌పేటలో రాజీవ్ రహదారి పక్కనుండే ముసలి మెకానిక్. "సారూ, ఇసుంటిది మళ్ల దొరకది. కండ్లకద్దుకొని పెట్టుకోండ్రి" అని నన్ను కరిగించి, అదే ఊపిరిలో బోరు, పిస్టన్, రింగులు, క్రాంక్ బేరింగులు, క్రోమ్ పాలిష్ అంటూ పెళ్లి సామాన్లంత చీటీ రాసిచ్చాడు. పుత్లీబౌలిలో వెతుక్కోమన్నాడు. మైసూరులో ఐడియల్ జావా 1996లోనే తయారీ ఆపేసింది. 2022లో యెజ్డీ పేరు మళ్లీ రోడ్డెక్కింది గానీ అది ఫోర్ స్ట్రోకు, నీళ్లతో చల్లబడే ఇంజను. దాని పిస్టన్ దీనికి ఎక్కదు, పేరొక్కటే చుట్టరికం.

ఇక పెట్రోలు. టూ స్ట్రోకు కాబట్టి ఆయిల్ నేను కలపాలి. 20 శాతం ఇథనాల్ ముందే కలిపి ఇస్తున్నారు, దానికి పాత రబ్బరు పైపులు ఉబ్బుతాయట. అందరం తలా ఇంత కలిపాక ట్యాంకులో పెట్రోలుకు చోటు మిగిలితే అదే అదృష్టం.

నాకు ధైర్యమిచ్చింది మాత్రం చట్టమే. 2021 జులైలో కేంద్రం రాసిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండి వింటేజ్. దానికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు, గౌరవం. 15 దాటితే గ్రీన్ ట్యాక్సు. 20 దాటిన మోటారు సైకిలుకు రెన్యువల్ ఫీజును 2025 ఆగస్టులో రూ.2,000 చేశారు. అంటే పదిహేనేళ్లకు నేరం మొదలై, యాభయ్యేళ్లకు ఘనత అవుతుందన్నమాట. మధ్యలో బండిని ఎవరో ఒకరు దాచాలి కదా! 2039 దాకా ఓపిక పడితే చాలని మా ఆవిడకు లెక్క వేసి చూపించాను.

"అప్పటికి మీరు గుడ వింటేజే అయితరు. ఇద్దర్ని కిక్కు గొట్టేదెవరు?" అంది. జవాబు ఆలోచించే లోపే వంటింట్లోకి వెళ్లిపోయింది. దాన్ని నేను ఒప్పుదలగానే రాసుకున్నాను.

అసలు చిక్కు తర్వాత తెలిసింది. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు బండిని చూపించాలి. చూపించాలంటే నడవాలి. నడిచినా, రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కకూడదు. అందుకని ముందు శామీర్‌పేట చేర్చడానికి నాలుగు చక్రాల ట్రాలీ మాట్లాడాను. ఔటర్ మీదికి టూ వీలర్లను రానివ్వరు, కాబట్టి మా యెజ్డీ ఔటర్ రింగ్ రోడ్డు చూడాలంటే లగేజీ కావాల్సిందే.

తాళ్లు బిగించి, ట్రాలీ గేటు దాటుతుండగా పక్కింటి సారు లుంగీ ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మేస్తివా? ఎంతకిచ్చినవ్? నాకొక్క మాట చెప్పొద్దా? ఇంకో పదివేలు ఎక్కువ ఇస్తుంటి గద!"

డ్రైవర్ ఇంజన్ ఆపి, తల బయటపెట్టాడు. "ఏమంటరు సార్, దింపాల్నా? దింపినా కిరాయి మాత్రం కిరాయే."