ఆయనగారి గుడ్డు

కోనసీమ మగాడు రెండు విషయాల్లో రాజీ పడడండి. ఒకటి సంక్రాంతి బరిలో తను డబ్బులు కాసిన పుంజు, రెండోది తన కంచంలో గుడ్డు. పుంజు ఓడిపోతే తలొంచుకుని ఇంటికొచ్చి పడుకుంటాడు. గుడ్డు దగ్గర మాత్రం ఓటమన్నది ఎరగడు.

అమలాపురంలో ఒకాయనకి ఆమ్లెట్ అంచు కరకరలాడాలి, మధ్యలో మెత్తగా ఉండాలి. ఉల్లిపాయ కంటికి కనపడకూడదు, నోటికి మాత్రం తెలియాలి. రాజోలు వైపు ఇంకొకాయనకి బుల్స్ ఐ మీద పచ్చసొన ఇసుమంత చితికినా ఆ పూట అన్నం సయించదు. ఏవిటండీ ఈ చాదస్తం అంటే, పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని సామెత చదువుతారు. నిజమే, కాదన్నదెవరు? నా పేచీ అల్లా ఒక్కటే. జిహ్వ ఆయనది, చెయ్యి ఇంకొకరిది.

పులుసు సంగతే తీసుకోండి. మా వైపు గుడ్డు పులుసంటే, ఉడికిన గుడ్డుకి నాలుగు గాట్లు పెట్టి, పసుపూ కారం వేసిన నూనెలో పైన బొబ్బలు తేలేదాకా దొర్లించి, చింతపండు పులుసులో వదిలి, చివర్న ఇంత బెల్లం ముక్క తగిలించడం. ములక్కాడ దొరికితే అదీ పడుతుంది. ఆయనగారు మూత తీసి తనిఖీ చేస్తారు. గుడ్డు నాటుకోడిదై ఉండాలి, అదీ ఈ పొద్దున పెట్టిందే అయ్యుండాలి. ఒలిచాక మాత్రం గోళీలా నున్నగా ఉండాలి, ఎక్కడా గుంట పడకూడదు. ఈ రెండు షరతులూ ఒకే గుడ్డులో కుదరవండి. కొత్తగా పెట్టిన గుడ్డు తెల్లసొనలో బొగ్గుపులుసు వాయువు ఇంకా ఉంటుంది. అందుకే ఉడికాక ఆ సొన పెంకు లోపలి పొరని పట్టుకుని ఓ పట్టాన వదలదు. కొన్నాళ్లు నిలవుంటే ఆ వాయువు పెంకులోని సన్నటి రంధ్రాల్లోంచి పోయి, అప్పుడు పెంకు తేలిగ్గా ఊడొస్తుంది. అంటే నున్నటి గుడ్డు కావాలంటే నిలవ గుడ్డు తినాలి. ఈ రసాయనశాస్త్రం గుడ్లు ఒలిచే ఇంటావిడ గోళ్లకి ఎప్పుడో తెలుసు. ఆయనగారికి తెలిసింది ఒక్క ప్రశ్నే: "గుడ్డు ఒలవడం కూడా రాదా నీకు?"

పచ్చిగా తాగితేనే బలం అనే వస్తాదులు వేరే ఉన్నారు. తెల్లారగట్ల గ్లాసులోకి కొట్టి, మిరియాల పొడి చల్లి, ఒక్క గుటకలో దించేస్తారు. బెల్జియంలోని లూవెన్‌లో 1998లో కొలిచి చూస్తే, ఉడికిన గుడ్డు మాంసకృత్తుల్లో 91 శాతం దాకా ఒంటికి పట్టాయి, పచ్చి గుడ్డువి 51 శాతమే. అంటే మన వస్తాదు ఇన్నాళ్లుగా గుడ్డుకి డబ్బిచ్చి అరగుడ్డు తాగుతున్నాడన్నమాట. మీసం మాత్రం మొత్తం గుడ్డుకీ దువ్వుతాడు.

పచ్చసొన తీసేసే వర్గం మరీ ముచ్చటైంది. వారానికి మూడు గుడ్లు మించొద్దని 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ అంది. ఆ మాట సముద్రాలు దాటి కొత్తపేట వచ్చి, అరుగు మీద స్థిరపడిపోయింది. రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ అన్న హద్దుని 2015-20 ఆహార మార్గదర్శకాల్లో అమెరికా వాళ్లే ఎత్తేశారు. ఆ కబురు ఇంకా గోదారి మీది జొన్నాడ వంతెన దాటినట్టు లేదు. గుండె జబ్బు, షుగరు ఉన్నవాళ్లు డాక్టరు మాటే వినండి, అందులో నేను వేలు పెట్టను. నేను చూస్తున్నది తీసేసిన సొన ఎటు పోతోందన్నది. అది తిన్నగా ఆవిడ కంచంలోకి పోతోంది. కొలెస్టరాల్ మొగుడికే గానీ పెళ్లాం జోలికి రాదు కాబోలు!

ఇక సంక్రాంతికి అల్లుడొస్తే అత్తగారు పడే అవస్థ చెప్పనలవి కాదు. వంటింటి గుమ్మంలో కూతుర్ని ఆపి గుసగుసగా అడుగుతుంది.

"అల్లుడుగారికి గుడ్డు ఎలా ఉండాలే?"

"సొన కారకూడదమ్మా. అలాగని గట్టిపడనూ కూడదు."

"మరెలా ఉండాలే?"

"ఏమో, వాళ్లమ్మ వేసినట్టుండాలి."

ఈ కొలత ఏ గరిటెకి అందుతుందండి? మొదటిది చితికిపోతుంది. రెండోది అడుగు మాడుతుంది. మూడోది పళ్లెంలో పెట్టుకుని కూతురు హాల్లోకి పరుగెడుతుంది. అల్లుడుగారు ఫోన్లోంచి తలెత్తి, ఊఁ పర్వాలేదంటారు. ఆ చితికిందీ మాడిందీ అత్తగారు పొయ్యి దగ్గరే నిలబడి, చల్లారిపోయాక తింటుంది. ఎవరైనా చూస్తే, "నాకిలాగే ఇష్టంలేమ్మా" అంటుంది కూడాను.

ఇదే మగాడు రాత్రి తొమ్మిదింటికి అమలాపురం గడియార స్తంభం సెంటర్ వైపు ఆమ్లెట్ బండి దగ్గర ఎలా ఉంటాడో ఎప్పుడైనా గమనించారా? ఒకే పెనం, ఒకే అట్లకాడ, పొద్దుట్నుంచీ మరిగిన నూనె. ఉల్లిపాయ ముక్కలు బొటనవేలంత. అంచు కరకరలాడదు, మధ్యలో మెత్తన లేదు. నోరు మెదపకుండా కాగితం ముక్కలో పట్టుకుని, వేలు నాక్కుంటూ తింటాడు. ఒకవేళ నోరు తెరిచినా బండాయన తలెత్తకుండానే, "ఇక్కడ ఇలాగే ఉంటదండి" అంటాడు. అంతే, జిహ్వ సర్దుకుంటుంది. ఎదురు చెప్పేవాడి ముందు ఆకలి, ఎదురు చెప్పలేనామె ముందు అభిరుచి. అది నాలుక గుణం కాదండి, పెత్తనం.

మన సర్కారు బడుల్లో 2020లో గోరుముద్ద పేరుతో వారానికి ఐదు గుడ్లు పెట్టడం మొదలైంది. వారంలో చాలా రోజులు పెట్టేది ఉడకబెట్టిన గుడ్డే. అంచు ఏమైంది, సొన ఏమైందని అక్కడెవరూ తగువు పెట్టుకోరు. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం మీద వందల గుడ్లు ఉడకబెట్టే ఆడవాళ్లని ఆ మాటడగడానికి పిల్లలకైనా నోరు రాదు. 2024లో ఆ పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆవిడ మనావిడే, లంకల గన్నవరం ఇల్లాలు. 1909లో పోయేదాకా, అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి పొయ్యి అంటించి కులం అడక్కుండా అన్నం పెట్టిన తల్లి. వరద గోదారి దాటొచ్చి ఆ అరుగెక్కినవాడు, "పప్పు మా అమ్మ చేసినట్టుండాలండి" అని ఉంటాడా?

నోరు లేకపోవడం ఒకప్పుడు గుడ్ల రైతుకీ ఉండేది. 1982లో కోళ్ల పరిశ్రమ పెద్ద బి.వి. రావుగారు నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీని నిలబెట్టకముందు, గుడ్డు ధర దళారి చెప్పేవాడు, రైతు తలూపేవాడు. తన గుడ్డుకి ధర తనే చెప్పుకునే మర్యాద ఆ తర్వాత అనపర్తి, తణుకు ఫారాలవాళ్లకి దక్కింది. అదే గుడ్డు మన వంటింటికొచ్చాక, దాన్ని పగలగొట్టే మనిషికి మాత్రం ఇంకా తలూపడమే మిగిలింది.

కాబట్టి ఆయనగారికి ఒక్క విన్నపమండి. వచ్చే ఆదివారం ఉల్లిపాయలు మీరే తరగండి, పెనం మీరే పెట్టండి. అంచు కరకరలాడించుకుంటారో, సొన కారించుకుంటారో మీ ఇష్టం, ఎవరూ అడ్డు రారు. దానికన్నా ముందు ఆవిడకి గుడ్డు ఎలా కావాలో అడిగి, అలాగే ఒకటి వేసివ్వండి. చితికితే అది మీ కంచంలో వేసుకోండి. గ్యాసు బండ మీద రెగ్యులేటరు ఎటు తిప్పాలో మాత్రం శనివారమే కనుక్కుని ఉంచుకోండి.