నీళ్లలో మోటారు కాలుట: టీకా తాత్పర్య సహితము

మూలము: “మోటరు కాలిండేది కరంటుతో కాదప్పా, నీళ్లు దాన్ని ముట్టక.”

అవతారిక: హిందూపురంలో ఒక వైండింగు షాపు. కాలిన బోరు మోటారును ఆటోలో వేసుకొచ్చిన రైతు, “కరంటోళ్లు నా కొంప ముంచినారు” అని పూర్వపక్షం చేశాడు. మెకానిక్కు మోటారు విప్పి లోపలి నీళ్లు బొక్కెనలోకి వంచాడు. నల్లగా, కాలిన ప్లాస్టిక్కు వాసనతో పడ్డాయి. టార్చి వేసి, వైండింగు చుట్టూ వేలు తిప్పి చూసి, పై సూత్రం పలికాడు. సూత్రకారులు అంతకు మించి మాట్లాడరు. పైగా పక్కన ఇంకో రెండు మోటార్లు వరుసలో ఉన్నాయి. కాబట్టి వ్యాఖ్యానం మా పాలబడింది.

ప్రతిపదార్థము: మోటరు = బోరులో పంపు కింద వేలాడే సన్నటి, పొడవాటి సబ్‌మెర్సిబుల్ మోటారు; కాలిండేది = రాగితీగ మీది ప్లాస్టిక్కు తొడుగు మెత్తబడి, తీగకు తీగ తగిలి షార్టు కావడం; కరంటుతో = మూడు ఫేజుల సరఫరా చేత; కాదు = కాదు (దీని మీద తగవు ఉంది, ముందు చూడండి); అప్పా = ఓ రైతూ! (సంబోధన; బిల్లు చెప్పబోయే ముందటి ఓదార్పు); నీళ్లు = బోరులోని జలము; దాన్ని = ఆ మోటారును; ముట్టక = ఒరుసుకుంటూ పైకి పోకపోవడం వలన.

అలంకారము విరోధాభాసం. నీళ్లలో ఉన్నది కాలడమేమిటి? బడబాగ్నిని దృష్టాంతంగా తెచ్చే పండితులు ఉంటారు గాని అది ఇక్కడ పొసగదు. బడబకు సముద్రజలమే ఆహారం. మన మోటారుకు నీళ్లే ప్రాణం. విరోధపరిహారం ఇలా: ధర్మవరం మరమగ్గం మోటారుకు వెనక ఫ్యాను ఉంటుంది, గాలి విసురుకుంటుంది. బోరు మోటారుకు ఫ్యాను లేదు. పైన పంపు, కింద మోటారు, రెంటి నడుమ జాలీ. పంపు నీళ్లు తాగే నోరు అదే. నీళ్లు అడుగునుంచి మోటారు ఒంటిని రాసుకుంటూ వచ్చి ఆ నోట్లో పడాలి. అప్పుడే లోపలి వేడి బయటికి పోతుంది. నిలవనీళ్లు కాసేపటికి తామే వేడెక్కి ఊరుకుంటాయి.

కొన్ని ప్రతులలో “ముట్టక” బదులు “మునగక” అని ఉంది. అది గ్రాహ్యం కాదు. ఈ మోటారు నిలువునా మునిగే ఉంది. రైతు ఆ మాటే మూడుసార్లు చెప్పాడు, అతను చెప్పింది నిజమే.

మరి ముట్టకపోవడం ఎలా సంభవించింది? ఇది ఈ సీమ గర్భరహస్యం. హిందూపురం చుట్టుపక్కల పైన కొంత మెత్తని నేల, దాని కింద గట్టి రాయి. కేసింగు మెత్తని నేల వరకే. ఆ కింద నీళ్లు వచ్చేది రాతి పగుళ్లలోంచి. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత రాజధాని విజయనగరం నుంచి పెనుకొండకు తరలినట్లు, వానలు మొహం చాటేసిన ప్రతిసారీ మన నీళ్లు మకాం కిందికి మారుస్తాయి. రైతు వాటి వెంట పడతాడు. ఇరవై అడుగుల పైపు ఇంకొకటి, మరొకటి జోడించి మోటారు దించుతాడు. దించగా దించగా మోటారు ఊట కన్నా కిందికి పోతుంది. ఇప్పుడు పగులులోంచి వచ్చే నీళ్లు పైనుంచే జారి నేరుగా జాలీలో పడతాయి. పంపు దాహం తీరుతుంది, పొలం తడుస్తుంది, కింద మోటారు మాత్రం కదలని నీళ్లలో ఉడుకుతుంది. ఇంకా కిందికి, అడుగుకు ఆనించి దించినవారి మోటారు ఒండ్రులో గొంతుదాకా కూరుకుపోతుంది. ఫలితం అదే.

ఇక్కడ ఒక శంక: “స్టార్టరులో ఓవర్‌లోడు రిలే ఉంది గదా, అది ఏం చేస్తున్నట్లు?” సమాధానం: రిలే వేడిని చూడదు, ఆంపియర్లను చూస్తుంది, అవి ఎక్కువైతేనే పడిపోతుంది. పై స్థితిలో అవి పెరగనే పెరగవు. బోరు బొత్తిగా ఎండి పంపు గాలి మింగుతుంటే ఇంకా విచిత్రం, పని తగ్గి ఆమ్మీటరు ముల్లు కిందికి దిగుతుంది! రిలేకు అది శుభవార్త. అందుకే నీళ్లు లేనప్పుడు ఆపే పరికరాన్ని వేరుగా బిగించాలి. అది లేకుండా, కరెంటు రాగానే తనంతట తానే తిరిగే ఆటోమేటిక్ స్టార్టరు పెట్టి ఇంట్లో పడుకోవడం మా దృష్టిలో సాహసం.

ప్రసంగవశాత్తు, సముద్రం మీద పడవలకు వెనక తగిలించే మోటారుకు ఇంతకన్నా సుఖం ఉంది. అదీ చుట్టూ ఉన్న నీళ్లతోనే చల్లబడుతుంది గాని, ఆ నీళ్లు లోపల తిరుగుతున్నాయనడానికి సాక్ష్యంగా పక్కనుంచి సన్నటి ధార పోస్తూ ఉంటుంది. ధార సన్నగిలిందా, నడిపేవాడు ఇంజను ఆపి, చెత్త అడ్డుపడిందా, లోపలి రబ్బరు చక్రం అరిగిందా అని చూస్తాడు. మన మోటారు మూడు వందల అడుగుల కింద చీకట్లో ఉంది. దాని సాక్ష్యం పైన స్టార్టరు డబ్బాలోని ముల్లూ, గాలి కొడుతూ ఆగి ఆగి వచ్చే నీళ్లూ మాత్రమే.

ఇక “కాదు” మీది తగవు. కరెంటు ఎన్నడూ మోటారును కాల్చదని సూత్రకారుని అభిప్రాయమైతే ఆయనతో మేము ఏకీభవించం. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక ఫ్యూజు పోయి మోటారు రెండు ఫేజుల మీద ఈడ్చుకుంటూ తిరిగితే వాటిలో కరెంటు దాదాపు 1.73 రెట్లవుతుంది, వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరిగేది గనుక మూడింతలు. కాని అలా కాలినదానికి లక్షణం వేరు. స్టారు కనెక్షనులో రెండు ఫేజుల చుట్లు మాడి మూడోది కొత్తదానిలా మెరుస్తుంది. డెల్టాలో ఒకటి మాడి రెండు మిగులుతాయి. ఈ మోటారులో మూడూ సమంగా, ఒకే రంగున వేగి ఉన్నాయి. మెకానిక్కు వేలు తిప్పి చదివింది ఆ లిపినే. కనుక “కాదు” అన్నది ఈ ఒక్క మోటారుకే చెల్లుతుంది.

తాత్పర్యము: ఓ రైతూ! కొత్త తీగ చుట్టిస్తావు, ఇన్సులేషను కొలిచే మెగ్గరు పెట్టించి లీకేజీ లేదనిపిస్తావు, లోపల మంచినీళ్లు నింపి దించుతావు. దించే చోటు మాత్రం మార్చవు. ఈసారి ఒక పైపు తగ్గించి, ఊటకు పైన వేలాడదీయి. అక్కడ నీళ్లు చాలకపోతే మోటారుకు చుట్టూ గొట్టపు తొడుగు వేయించి, పైన జాలీకి ఎగువన మూయించు. అప్పుడు పైనుంచి పడ్డ నీళ్లు కిందికి దిగి, మోటారును రాసుకునే పైకి రావాలి. ఆరున్నర అంగుళాల బోరులో ఆరంగుళాల మోటారుకు ఆ తొడుగు పట్టదు, నాలుగంగుళాల దానికి పడుతుంది. “నీళ్లు తగ్గుతాయేమో” అంటావు. తగ్గుతాయి.

రైతు ఇదంతా విని, “అట్లయితే మొన్న దించినోడు యాల చెప్పలా?” అని అడిగాడు. దానికి మూలంలో జవాబు లేదు. దించినోడూ ఈ మెకానిక్కే గనుక, వ్యాఖ్యాత కల్పించుకోవడం మర్యాద కాదు.