తలుపుకి తగ్గ ఇల్లు

చుట్టుపక్కల ఏ ఊళ్ళో పాత ఇల్లు పడగొడుతున్నా, ఆ కబురు మా పెద్దబావకి ఇంటివాళ్ళ చుట్టాలకంటే ముందు అందుతుంది. మొదటి గుణపం పడేసరికి కండువా వేసుకుని హాజరు. ముఖంలో పరామర్శకి వచ్చినవాడి విచారం, జేబులో కొలిచే టేపు.

రిటైరవగానే కోనసీమలోని తాతలనాటి మండువా ఇల్లు బాగుచేయిస్తానని దిగాడు. ఒక్క మేకు కూడా కొత్తది కొననని ఒట్టు. వంకరపోయిన మేకుల్ని పొత్రం లేని రోలు మీద పెట్టి సుత్తితో సాపు చేస్తూ కూర్చుంటాడు. కూలికొచ్చినవాడు పక్కన బీడీ కాలుస్తూ చూస్తుంటాడు. వాడి కూలి డబ్బులకి బస్తాడు మేకులొచ్చేవని అక్క అంటే, "ఆ ఇనుము ఇప్పుడేదీ?" అంటాడు.

నిరుడు కారైక్కుడి వెళ్ళాడు. చెట్టియార్ల మేడల్లోంచి ఊడదీసిన కలప, అద్దాలు, ఇత్తడి సామాను అమ్మే కొట్లున్నాయక్కడ. బర్మా టేకు ద్వారబంధం ఒకటి పట్టుకొచ్చాడు. బేరమాడి ధర సగానికి దించానని ఊరంతా చెప్పుకున్నాడు. లారీ కిరాయి ఎంతో అక్క చెప్పింది. తీరా నిలబెడితే గోడకంటే మూరెడు ఎత్తు. కాస్త కోసేద్దామండీ అన్నాడు వడ్రంగి. బావ చూసిన చూపుకి రంపం సంచీలోకి వెళ్ళిపోయింది. ద్వారబంధం కోసం గోడ లేపారు, గోడ కోసం కప్పు లేపారు, లేపిన కప్పుకి పెంకులు చాల్లేదు.

1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారన్న సంగతి, ఇంటికొచ్చిన ప్రతివాడికీ కాఫీ రాకముందే పెంకు తిరగేసి మరీ చెబుతాడు. చాలనివాటికి ఊళ్ళన్నీ తిరిగి దొరికిన కంపెనీవల్లా పోగేశాడు. ఒక కంపెనీ పెంకు ఇంకో కంపెనీదాని గాడిలో సరిగ్గా కూర్చోదండీ అని మేస్త్రి మొత్తుకున్నాడు. తొలి వానకి మండువాలోకంటే గదుల్లో ఎక్కువ నీళ్ళు పడ్డాయి.

గోడల గారకి గానుగ సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపించాడు. చీమలకి పెళ్ళి భోజనం. అయినా మాట చెప్పుకోవాలి: మే నెల మధ్యాహ్నం ఆ గోడకి వీపానించి కూర్చుంటే లేవబుద్ధి కాదు. ఈ మాట బావ ముందు మాత్రం అనను. అంటే నా చేతికీ ఓ సుత్తి ఇస్తాడు.

పెరట్లో నడవడానికి తిరగలి రాళ్ళు, కూర్చోడానికి రైలు పట్టాల కింద నుంచి తీసేసిన దుంగలు. ఓ మూల ఎవరింట్లోదో కమోడ్‌లో ముద్దమందార. విరగబూస్తోంది, కానీ అక్క ఆ పూలు దేవుడికి పెట్టదు.

ఆమధ్య సిద్ధాంతిగారొచ్చి, పాత కలప వాడితే ఇంటికి అరిష్టమని హెచ్చరించారు. బావ చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నాడు. అంతా అయ్యాక వినయంగా అడిగాడు: "తమరు పాతిల్లు తీయించి డాబా వేశారు కదండీ, ఆ తలుపులేం చేశారు?"

గొడ్లపాకలో పడున్నాయన్నారాయన. సాయంత్రానికి ట్రాలీ ఆటో వెళ్ళింది.