నాలుగు వేళ్ల ఖాళీ పూడ్చే విధానం

ముందుగా కారు పక్కన గొంతుక్కూర్చుని, టైరుకీ దాని పైన రేకు అంచుకీ మధ్య చెయ్యి దూర్చండి. నాలుగు వేళ్లు పట్టాయా? జబ్బు ఉన్నట్టే. మన రోడ్లు చూసి, ఐదుగురు ఎక్కి డిక్కీలో బియ్యం బస్తా కూడా వేసుకుంటారని ఊహించి, కంపెనీ ఇంజినీర్లు వదిలిన ఖాళీ అది. పాపం, వాళ్లకి అందం తెలియదు. ఒక్క వేలు మాత్రమే పట్టేదాకా బండిని దించడం మన ధ్యేయం.

డబ్బుంటే పొట్టి స్ప్రింగులు కొనండి. లేకపోతే ఉన్నవాటినే గ్రైండర్ పెట్టి ఒక చుట్టు కోయించండి. చుట్లు తగ్గితే స్ప్రింగు బిరుసెక్కుతుంది. కోసిన కొస దాని చోట్లో సరిగ్గా కూర్చోదు. చక్రం గుంతలోకి వేలాడినప్పుడల్లా స్ప్రింగు పక్కకి జరిగి టకటకమంటుంది. ఆ చప్పుడుకి స్పోర్ట్ సస్పెన్షన్ అని పేరు పెట్టుకోండి.

మోటారు వాహనాల చట్టంలో బండికి మార్పులు చేయడం గురించిన సెక్షన్ 52 జోలికి పోకండి. చదివితే ఉత్సాహం చచ్చిపోతుంది.

ఇక అసలు ఘట్టం, వీల్ అలైన్‌మెంట్‌ని వాయిదా వేయడం. దీనికి చక్కని శాస్త్రీయమైన సాకు ఉంది: "కొత్త స్ప్రింగులు కదా, సెటిల్ అవ్వాలి. కొంచెం తిరిగాక చేయిద్దాం." ఇది అబద్ధం కాదు. కొత్త స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకాస్త కుంగే మాట వాస్తవమే. నిజం కాబట్టే సాకుగా ఇంత బాగా పనికొస్తుంది. ఆ వందలు వేలయినా అదే మాట చెప్పుకోవచ్చు. ఈలోగా కింద ఏం జరుగుతోందంటే: మన చిన్న కార్లలో చాలావాటికి ముందు వైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది. బండి దిగితే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. దాన్నే నెగటివ్ క్యాంబర్ అంటారు. అప్పుడు బరువు టైరు లోపలి అంచు మీదికి వెళ్తుంది. కోణం ఒక డిగ్రీ మారినంతలో కొంపలేం మునగవు, టైరు చాలాకాలమే ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనిది టో, అంటే చక్రం చూసే దిక్కు, మారడాన్ని. కింది ఆర్మ్ పొడవు వేరు, స్టీరింగు టై రాడ్ పొడవు వేరు. బండి ఎత్తు మారితే ఈ రెండూ వేరు వేరు వంపుల్లో కదిలి, ముందు చక్రాలని బయటికో లోపలికో తిప్పేస్తాయి. మహా అయితే కొన్ని మిల్లీమీటర్లు. కానీ ఆ రోజు నుంచి బండి పోయే దారి ఒకటి, చక్రం చూసే దిక్కు ఇంకొకటి. కాలు ఈడ్చి నడిచేవాడి చెప్పులాగా టైరు ప్రతి గజానికీ కాస్త అడ్డంగా రాసుకుంటూ పోతుంది. బరువు పడేదీ ఆ లోపలి అంచు మీదే, రాపిడి ఎక్కువయ్యేదీ అక్కడే. కొత్త టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. 1.6కి వస్తే టైరు పని అయిపోయినట్టు లెక్క. బయటి అంచు ఇంకా కొత్తపెళ్లికొడుకులా ఉండగానే లోపలి అంచు గుండైపోతుంది.

స్పీడ్ బ్రేకర్లను ఏటవాలుగా దాటండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. మీ వీధిలో దాన్ని పోసిన మేస్త్రికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

టైర్లలో నైట్రోజన్ కొట్టించండి. చక్రం కోణం ఏమీ మారదు గానీ, ఏదో చేశామన్న తృప్తి మిగులుతుంది.

తప్పనిసరై అలైన్‌మెంట్‌కి వెళ్తే, కంప్యూటర్ తెర మీద ఆకుపచ్చ గళ్లనే చూడండి. "టో సెట్ చేశానన్నా. క్యాంబర్‌కి ఈ బండిలో అడ్జస్ట్‌మెంట్ రాదు" అంటాడు కుర్రాడు. చాలా బండ్ల విషయంలో అతను చెప్పేది నిజమే. వెనక టార్షన్ బీమ్ ఉంటే అక్కడ తిప్పడానికి ఏమీ ఉండదు కూడా. ముందు స్ట్రట్ దగ్గర మామూలు బోల్టు తీసి క్యాంబర్ బోల్టు వేసి వాలు కొంత సరిచేయొచ్చని అతన్ని అడగకండి. పని పెరుగుతుంది. ప్రింటు తీసుకుని, ఎర్ర గడి లోపలికి పోయేలా మడిచి, డ్యాష్‌బోర్డులో పడేయండి.

అంచు తినేసిన టైరుని రిమ్ము మీద తిరగేసి బిగించమనండి. మంచి అంచు లోపలికి వెళ్తుంది, దాన్నీ తినిపించవచ్చు. టైరు మీద తిరిగే దిక్కుకి బాణం గుర్తుంటే మాత్రం ఈ చిట్కా పనికిరాదు.

ఒక మాట వెటకారం లేకుండా. మనం కారుని బయట నిలబడి చూసుకుంటాం. కడిగేదీ తుడిచేదీ బయటే. ఫోటోకి పెట్టేదీ ఆ వైపే. వేలకి వేలు పోసి దించినవాళ్లం, కొన్ని వందల అలైన్‌మెంట్ దగ్గర బేరమాడతాం. హైదరాబాద్ ఔటర్ మీద 120 దాకా వెళ్లనిస్తారు. లోపలి అంచున ఉక్కు తీగలు తేలిన టైర్లతో, పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని, పాటలు పెట్టుకుని ఆ వేగంతో పోతుంటాం. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి తిప్పి, దిగి, వంగి చూస్తే తెలిసిపోయేదే. వంగం.

ఎప్పుడో ఒకప్పుడు విసుగొచ్చి బండి అమ్మకానికి పెడతారు. అప్పుడు చక్రాలు నిటారుగా ఉంచి ఆపండి. చూడ్డానికి వచ్చినవాడు బానెట్ ఎత్తి ఆయిల్ చూస్తాడు, ఏసీ వేసి చూస్తాడు, పదివేలు తగ్గించమంటాడు. ఇవన్నీ మామూలే. స్టీరింగు తిప్పి, దిగొచ్చి, టైరు వెనక చెయ్యి పెట్టబోయాడంటే మాత్రం రేటు మీద ఆశ వదులుకోండి. అతను ఇదివరకే ఒక కారు దించినవాడు.