ఉస్తాద్ చెవి దగ్గర నా చోటు

అడుగు పొడవున్న స్క్రూడ్రైవర్‌ని నేను. సూరత్ జనం డిస్మిస్ అంటారు, మా ఉస్తాద్ పేచ్‌కస్ అంటాడు. నా మొన ఎప్పుడో అరిగి గుండ్రబడింది. స్క్రూ విప్పమంటే జారిపోతాను. అయినా నన్ను పాత ఇనుము వాడికి వెయ్యలేదు. ఆల్థాన్‌లో కెనాల్ రోడ్డు నుంచి లోపలికి వస్తే కనిపించే ఈ రేకుల షెడ్డులో నా పని వినడం. మొన ఇంజిను మీద ఆనుతుంది, పిడి ఉస్తాద్ చెవి వెనక ఎముకకి ఆనుతుంది. లోపలి చప్పుడు ఉక్కులోంచి తిన్నగా ఆయన తలలోకి పోతుంది.

ఉస్తాద్ వాళ్ల నాయన కరీంనగర్ వైపు నుంచి మరమగ్గాల పనికి వచ్చిన పద్మశాలి. కాపురం లింబాయత్‌లో. ఇక్కడి కార్పొరేషన్ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా బడులతో పాటు తెలుగు బడి కూడా నడుపుతుంది, ఉస్తాద్ అందులోనే చదివాడు. పన్నెండు గంటల షిఫ్టులో వరసగా ఆడే మగ్గాల మధ్య ఏ ఒక్కటి లయ తప్పినా నాయనకి తెలిసిపోయేదట. ఆ చెవి కొడుక్కి వచ్చింది, మగ్గం మాత్రం రాలేదు.

నేను ఈ విద్య నేర్చింది వరదలో. 2006 ఆగస్టులో ఉకాయి డ్యాం నుంచి 9 లక్షల క్యూసెక్కుల పైన నీళ్లు వదిలారు. తాపీ నది ఊళ్లోకి వచ్చేసింది. అప్పుడు ఉస్తాద్ ఆడాజన్‌లో ఇంకొకరి దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు. నేను ఒండ్రులో కూరుకుపోయాను, తీసి కిరోసిన్‌తో తుడిచారు. తర్వాత నెలల తరబడి వచ్చిన బళ్లన్నీ ఒక్క రకం. నీళ్లు తగ్గగానే ఆత్రపడి తాళం తిప్పిన బళ్లు. గాలిని నొక్కొచ్చు గానీ సిలిండర్లో చేరిన నీటిని నొక్కడం పిస్టన్ వల్ల కాదు. అది ఆగిపోతుంది, స్టార్టర్ తోస్తూనే ఉంటుంది, మధ్యలో కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వంగిన రాడ్‌తో కూడా ఇంజిను నడుస్తుంది, అదే చిక్కు. పొట్టిదైన రాడ్ పిస్టన్‌ని కిందికి ఎక్కువ లాగేసరికి దాని అంచు క్రాంక్ బరువుకి తగిలి టక్‌మంటుంది. ప్లగ్ ఊడదీసి, ఆ రంధ్రంలోంచి నన్ను మెల్లగా దింపి, పిస్టన్ ఎంత ఎత్తుకు వస్తోందో నా ఒంటి మీద గోటితో గుర్తు పెట్టి కొలిచేవారు. పక్క సిలిండర్ కన్నా తక్కువ వస్తే రాడ్ వంగినట్టే. ఆ రోజుల్లో నేను కొలబద్దని కూడా.

అప్పటినుంచి చప్పుళ్లు పోల్చుకోవడం అలవాటైంది. చల్లటి ఇంజినులో డబడబలాడి వేడెక్కాక సర్దుకుంటే పిస్టన్ బోరులో వదులుగా ఊగుతోందని. వేడెక్కి ఆయిల్ పలచబడ్డాక మొదలై, కింద సంప్ దగ్గర టొక్ టొక్‌మని బరువుగా కొడితే రాడ్ బేరింగ్. పైన కవర్ దగ్గర గలగల అంటే ట్యాపెట్లు. క్యాం షాఫ్ట్ క్రాంక్ వేగంలో సగమే తిరుగుతుంది కాబట్టి ట్యాపెట్ దెబ్బ రెండు చుట్లకి ఒక్కసారే పడుతుంది. లెక్క తెలియకపోయినా ఆ తీరిక చెవికి తెలుస్తుంది. అయితే ఇనుము పెద్ద అబద్ధాలకోరు. ఒక మూల పుట్టిన దెబ్బని ఇంకో మూలకి మోసుకెళ్లి అక్కడ గట్టిగా వినిపిస్తుంది. అందుకని ఉస్తాద్ ఒక్కో ప్లగ్ వైరు లాగి చూస్తాడు. ఏ సిలిండర్‌లో నిప్పు ఆపితే టొక్ టొక్ తగ్గిందో, బేరింగ్ పోయింది దానిదే.

ఇక ఒక ఓమ్ని వ్యాను సంగతి. కార్బురేటర్ కాలపు పాత బండి. మూడు సిలిండర్లు, 796 సీసీ, ఇంజిను ముందు సీటు కిందే. చీరల మూటలేసుకుని రింగ్ రోడ్ టెక్స్‌టైల్ మార్కెట్‌కి తిరిగే గుజరాతీ కాకాది. సీటు కింద దడదడలాడుతోందనీ, ఒక్కోరోజు ఉంటుంది, ఒక్కోరోజు ఉండదనీ ఆయన గోల. అప్పటికే ఒక చోట బేరింగులు పోయాయి, ఇంజిను దించాలి అన్నారట.

సీటు ఎత్తారు. నన్ను పైన కవర్ మీద, డైనమో మీద, వాటర్ పంపు మీద పెట్టారు. కింద పడుకుని సంప్ మీద పెట్టారు. శుభ్రంగా ఉంది. రేస్ ఇచ్చారు, వదిలారు, వైర్లు లాగారు. నా నోట ఒక్క చెడ్డ మాట లేదు. డిప్ స్టిక్ మీది ఆయిల్ వేళ్ల మధ్య నలిపి ఎండలో చూస్తే రాగి మెరుపు కూడా లేదు.

"ఏం వినొస్తలేదు మామా, కాకా ఉత్తగనే పరేషాన్ అయితున్నడు" అన్నాడు మేనల్లుడు.

"వినొస్తలేదంటే చప్పుడు లేదని కాదురా. ఇక్కడ లేదు, అంతే" అన్నాడు ఉస్తాద్. నన్ను పక్కన పడేసి కాకాని అడగడం మొదలుపెట్టాడు. ఎక్కడ వస్తుంది? ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు. ఖాళీ బండికా? కాదు, మూటలుంటేనే. గ్యాస్ మీదా, పెట్రోలు మీదా? కాకా ఆగిపోయాడు. అది ఆయన ఎన్నడూ చూసుకోలేదు. సీఎన్‌జీ బంకు దగ్గర బారు పొడుగ్గా ఉన్న రోజు పెట్రోలు మీద పోయేవాడు, అంతవరకే తెలుసు.

మూటలతోనే బయల్దేరారు. నేను టూల్ డబ్బాలో ఉన్నాను. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే, పెట్రోలు మీద, కాలికింద గాజుగోళీలు దొర్లినట్టు సన్నగా, గట్టిగా చప్పుడు. తిరిగొచ్చి స్విచ్ గ్యాస్ మీదికి మార్చి మళ్లీ ఎక్కారు. ఏమీ లేదు.

ఆ దెబ్బ ఇనుముది కాదు, మంటది. ప్లగ్ అంటించిన మంట ఒక కొస నుంచి పాకుతుండగా, అవతలి కొసన నొక్కుకుపోయిన మిగతా పెట్రోలు ఆవిరి ఆ మంట వచ్చేదాకా ఆగలేక తనంతట తనే భగ్గుమంటుంది. ఆ ఒత్తిడి అల గోడలకి కొట్టుకుంటూ సెకనుకి వేలసార్లు అదురుతుంది. నించోబెట్టిన బండిలో థ్రాటిల్ దాదాపు మూసే ఉంటుంది, లోపలికి వెళ్లేదే కొంచెం గాలి, అంత ఒత్తిడి ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే నాకు వినపడలేదు. ఈ దడ కోసమే అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ 1921 డిసెంబరులో పెట్రోలుకి సీసం మందు కనిపెట్టాడు. దడ తగ్గింది, ప్రపంచమంతా సీసం పీల్చింది. మన దేశంలో అది పూర్తిగా పోవడానికి 2000 ఫిబ్రవరి దాకా పట్టింది.

మరి గ్యాస్ మీద ఎందుకు రాలేదంటే, సీఎన్‌జీ ఆక్టేన్ 120 పైమాట, అప్పటి మామూలు పెట్రోలుకి 91. పైగా గ్యాస్ నిదానంగా కాలుతుంది కాబట్టి కిట్టు వేసేవాళ్లు డిస్ట్రిబ్యూటర్ తిప్పి ప్లగ్‌ని కొన్ని డిగ్రీలు ముందే వెలిగేలా పెడతారు. బండి గ్యాస్ మీద బాగా లాగుతుంది. పెట్రోలుకి మాత్రం ఆ తొందర పడదు. కాకా బండికి జరిగింది ఇదే. ఇంకొన్నాళ్లు అలాగే తోలితే పిస్టన్ నెత్తి నిజంగానే చితికేది.

షెడ్డుకొచ్చి డిస్ట్రిబ్యూటర్ నట్టు వదులు చేసి, ఒక్క పిసరు వెనక్కి తిప్పి, బిగించారు. ఆ పని పానా చేసింది. సాయంత్రం దాకా దాని బడాయి చూడలేకపోయాను.

మర్నాడు కాకా వచ్చాడు. దడ పోయింది గానీ గ్యాస్ మీద లాగుడు కాస్త తగ్గిందన్నాడు. తగ్గుతుంది, రెండూ పూర్తిగా కావాలంటే కుదరదు, పెట్రోలు మీద మూటలు వెయ్యనని మాటిస్తే మళ్లీ ముందుకి తిప్పుతానన్నాడు ఉస్తాద్. కాకా కాసేపు ఆలోచించి, అలాగే ఉండనీ అని వెళ్లిపోయాడు.