వనామీ వేస్తే వైరస్ రాదట!

మా కోడూరులో వైరస్ అనే మాట కంప్యూటరు కంటే ముందే దిగింది. 1994-95లో టైగర్ రొయ్య చెరువులకి తెల్లమచ్చ తగిలినప్పుడు, కంప్యూటరు మొహమే చూడని రైతులు వైరస్ అంటే ఏమిటో ఒక్క రాత్రిలో నేర్చుకున్నారు. సాయంత్రం మేతకి ఎగబడ్డ రొయ్య తెల్లారేసరికి గట్టు వారన తేలేది. అందుకని మొన్న మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి దిగి, చెప్పులు కూడా విప్పకుండా "మావయ్యా, లైనక్స్‌కి వైరస్ రాదు" అనగానే, ఈ మాట ఎక్కడో విన్నానే అనిపించింది. 2009లో విన్నాను. అప్పుడు లైనక్స్ అనలేదు, వనామీ అన్నారు.

వనామీ రొయ్య సాగుకి కేంద్రం తలుపు తెరిచిన ఏడాది అది. సీడు ఎస్‌పీఎఫ్ అన్నారు. ఫలానా ఫలానా రోగకారకాలు లేవని పరీక్షించి తేల్చిన తల్లి రొయ్యల సంతానం అని దానర్థం. మనవాళ్లు దాన్ని "రోగం రాని రొయ్య" అని చదువుకున్నారు. రోగం లేకపోవడానికీ, రోగం రాకపోవడానికీ మధ్య ఎంత దూరముందో తెలియడానికి కొందరికి ఒక పంట పట్టింది, కొందరికి పొలమే పట్టింది. సీడు మంచిదే. హేచరీ గడప దాటేదాకా దానికి వాళ్లు పూచీ. ఆ తర్వాత పక్క చెరువులోంచి పీత పాకి వస్తుంది, కొంగ నోట్లో రొయ్య జారుతుంది, పొరుగాయన తెల్లమచ్చ చెరువు నీళ్లు అర్ధరాత్రి డ్రెయిన్‌లోకి వదులుతాడు. వీటికి హేచరీ వాడేం చేస్తాడు? గట్టు చుట్టూ పీతల కంచె కట్టిన వాడికి నాలుగు రూపాయలు మిగిలాయి. "మాది వనామీ అండీ" అని కాలు మీద కాలేసుకు కూర్చున్న వాడికి బాకీ మిగిలింది.

మేనల్లుడికి ఈ కథ చెప్పబోయాను. వినే తీరిక వాడికి లేదు, ఊరిని ఉద్ధరించే పనిలో ఉన్నాడు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి ఉచిత మరమ్మతులు ఆగిపోయాయి. పదకొండు వేద్దామంటే పాత డబ్బాలు ఒప్పుకోవు. బస్టాండు దగ్గర డీటీపీ సెంటరులో ఉన్న మూడు కంప్యూటర్లూ ఆ పాత డబ్బాలే. వాటికి ముక్తి ప్రసాదిస్తానని మావాడు లైనక్స్ నింపిన పెన్‌డ్రైవ్ పట్టుకుని బయల్దేరాడు.

మా మండలంలో హంసలదీవి ఉంది. లోకం పాపాలన్నీ కడిగి నల్లబడ్డ గంగమ్మ కాకి రూపంలో ఊరూరా మునుగుతూ వచ్చి, కృష్ణ సముద్రంలో కలిసే ఆ చోట మునిగాక హంసై లేచిందని చెప్పుకుంటారు. మాఘ పౌర్ణమికి జనం విరగబడి వస్తారు. కాబట్టి ఒక్క మునకతో నలుపు తెలుపవుతుందనే నమ్మకం మాకు కొత్త కాదు. కాకపోతే గంగమ్మకి ఆ ఒక్క చోటు దొరకడానికి ఎన్ని చోట్ల మునిగిందో పాపం! మావాడి పెన్‌డ్రైవ్‌కి అరగంట చాలింది. తెర మీద పెంగ్విన్ బొమ్మ వచ్చింది. సెంటరు యజమాని చేతులు జోడించాడు.

మూడో రోజు ముహూర్తాల గిరాకీ తగిలింది. తెలుగునాట శుభలేఖ అంటే పేజ్‌మేకరూ అను ఫాంట్లే. అవి విండోస్ తిండికి అలవాటుపడ్డ ప్రాణాలు. పాత ఫైలు తెరిస్తే చి.ల.సౌ. పక్కన వధువు పేరుండాల్సిన చోట ఏవో పురుగులు పాకిన గుర్తులు. పెళ్లివారు రంకెలేశారు. సెంటరు కుర్రాడు ఆ సాయంత్రమే విరుగుడు కనిపెట్టాడు. లైనక్స్ కడుపులో ఇంకో ఉత్తుత్తి కంప్యూటరు సృష్టించి, అందులో ఎవరో ఇచ్చిన తాళం పగలగొట్టిన విండోస్ వేశాడు. కొత్త చెరువు తవ్వి, ఎండగట్టి, బ్లీచింగ్ కొట్టి, తీరా పాత చెరువు నీళ్లే తోడి నింపినట్టు.

నేను ఆ సెంటరులో పట్టాదారు పాస్ పుస్తకం జిరాక్సుకి వెళ్లి, ఊరికే ఒక మాట అడిగాను. "అబ్బాయ్, ఆ డౌన్‌లోడ్స్ ఫోల్డరు ఓసారి తియ్యి." తీశాడు. మండలం మండలమంతా అందులో ఉంది. ప్రింటు కోసం వాట్సాప్‌లో పంపిన ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, బ్యాంకు పుస్తకాల మొదటి పేజీలు, భూమి దస్తావేజులు. పోయినవాళ్ల ఆధార్‌లు కూడా ఉన్నాయి. "తీసెయ్యొచ్చు కదా" అంటే, "మళ్లీ వస్తారండీ, మళ్లీ పంపించుకోవడమెందుకని ఉంచాం" అన్నాడు, సేవాభావంతో. ఇదంతా మొన్నటిదాకా విండోస్‌లో ఉండేది. ఇప్పుడు భద్రమైన లైనక్స్‌లో ఉంది. పాస్‌వర్డ్ మానిటరు మీద చీటీలో ఉంది.

కాగితాలే కదా అనుకుంటారేమో. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మేవాడొకడు ఇంటర్నెట్‌లో దొరికిన రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకి రబ్బరు నకళ్లు పోసి, వాటితో ఎవరెవరి పేరునో సిమ్‌లు పుట్టించి పోలీసులకి చిక్కాడు. అతను ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌నీ బద్దలు కొట్టలేదు. బల్ల మీద పెట్టి ఉన్నది తీసుకున్నాడు, అంతే.

మావాడి బ్రహ్మాస్త్రం వేరే ఉంది. "2017 మేలో వానాక్రై రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు మన రాష్ట్రం పోలీసు కంప్యూటర్లకే దెబ్బ తగిలింది మావయ్యా. విండోస్ కాబట్టే కదా!" నిజమే, విండోసే. మే 12న అది లోకం మీద పడింది. మావాడు మింగేసే సంగతేమిటంటే, ఆ కన్నం పూడ్చే మందు మైక్రోసాఫ్ట్ వాళ్లు మార్చి 14నే వదిలారు. రెండు నెలలు మందు షెల్ఫులో ఉంది, వేసిన చెయ్యి లేదు. ఇప్పుడు మా సెంటరు కుర్రాడిని చూడండి. లైనక్స్ "అప్‌డేట్ చెయ్యనా" అని అడిగితే "తర్వాత" నొక్కుతాడు. విండోస్‌లోనూ అదే నొక్కేవాడు. సిస్టమ్ మారింది గానీ వేలు అదే. ఇంకో సదుపాయం కూడా దొరికింది: లైనక్స్‌లో సుడో అనే మాట ఉంది. అది అని ఏం చెప్పినా కంప్యూటరు ఎదురు చెప్పకుండా చేస్తుంది. ప్రింటరు మొరాయించిన ప్రతిసారీ వీడు యూట్యూబు కింద ఎవరో పెట్టిన సుడో మంత్రాలు తెచ్చి అతికిస్తున్నాడు. అర్థం తెలుసా అంటే, మంత్రానికి అర్థం అడక్కూడదన్నట్టు చూశాడు.

ఇక వెయ్యి కళ్ల వాదం. కోడ్ బహిరంగంగా ఉంటుంది, లోకమంతా చూస్తుంది, దొంగతనం దాగదు అంటాడు మావాడు. రాజుగారు చెరువు తవ్వించి ఇంటికో చెంబు పాలు పొయ్యమంటే, అందరూ పోస్తారు కదా అని ప్రతివాడూ నీళ్లు పోసిన కథ వీడికి చిన్నప్పుడు చెప్పింది నేనే. అలా బహిరంగంగా ఉన్న ఓపెన్ఎస్‌ఎస్ఎల్ అనే తాళంలో 2012 నుంచి ఉన్న కన్నం 2014 ఏప్రిల్‌లో బయటపడింది, హార్ట్‌బ్లీడ్ అన్నారు దాన్ని. రెండేళ్లు లోకమంతా ఆ తాళమే వేసుకుని నిద్రపోయింది. 2024లో ఎక్స్‌జెడ్ సంగతి ఇంకా రుచికరం. లైనక్స్ గంపలన్నిటిలోనూ ఉండే చిన్న సరుకది. దాన్ని ఒక్క మనిషి, జీతం బత్తెం లేకుండా, అలసిపోయి చూసుకుంటున్నాడు. మా కాలవల మీద మైళ్ల కొద్దీ గట్టుకి ఒక్క లస్కరు ఉన్నట్టు. "సాయం చేస్తానండీ" అని ఇంకొకడు వచ్చి రెండేళ్ల పైన నమ్మకంగా మట్టి మోసి, చివరికి గట్టులోనే దొంగ తూము పెట్టాడు. ఒక ఇంజనీరు తన పని చేసుకుంటూ, లాగిన్‌కి అర సెకను ఆలస్యమవుతోందేమిటని చిరాకుపడి తవ్వితే మార్చి 29న గుట్టు రట్టయింది. వెయ్యి కళ్లు చూడనిది రెండు కళ్లు చూశాయి. ఆ రెండు కళ్లూ ఎక్కడ ఉద్యోగం చేస్తున్నాయనుకున్నారు? మైక్రోసాఫ్ట్‌లో. ఈ మాట చెప్పాక మావాడు ఆ పూట భోజనం తక్కువ తిన్నాడు.

రాత్రికి తేరుకుని, "రక్షణ శాఖ వాళ్లే 2023లో ఉబుంటు లైనక్స్ మీద కట్టిన మాయా సిస్టమ్‌కి మారుతున్నారు, వాళ్లకి తెలీదా?" అన్నాడు. తెలుసురా అబ్బాయ్. అందుకే దాని మీద చక్రవ్యూహ్ అని ఇంకో కాపలా కూడా పెట్టారు. వాళ్లకి లస్కర్లున్నారు. మన సెంటరుకి ఎవరున్నారు, నువ్వు ఆదివారం బస్సెక్కేస్తే?

లైనక్స్ మీద నాకేమీ కక్ష లేదు. పాత డబ్బా మళ్లీ ఊపిరి పోసుకుంటుంది, దొంగ విండోస్ వాడే సిగ్గు తప్పుతుంది, డబ్బు మిగులుతుంది. కేరళ బడులు ఆ లెక్క చూసుకునే ఏళ్ల కిందటే మారాయి. అలా చెప్పి అమ్మితే నేనూ కొంటాను. రక్షరేకులా చెప్పి అమ్మితేనే ఒళ్లు మండుతుంది.

అసలు విడ్డూరం చెప్పనా? కోడూరు ఎప్పుడో లైనక్స్‌కి మారిపోయింది. మా ఊళ్లో జేబుల్లో ఉన్నవి దాదాపు అన్నీ ఆండ్రాయిడ్ ఫోన్లే, ఆండ్రాయిడ్ పొట్టలో ఉన్నది లైనక్సే. 1991లో ఫిన్లాండ్‌లో ఒక విద్యార్థి మొదలుపెట్టిన ఆ లైనక్సే ఇవాళ మా రొయ్యల చెరువు గట్టు మీద ఏరియేటరు పక్కన మోగుతోంది. మా వీధిలో ఒకాయనకి పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలొచ్చింది. ఫోను వద్దు వద్దని రెండుసార్లు అడ్డం పడింది. ఆయన రెండుసార్లూ దాని నోరు నొక్కి అనుమతిచ్చాడు. ఫీడు బాకీకి దాచిన డబ్బు పోయింది. "ఏ సిస్టమ్ బాబాయ్?" అని మావాడు అడిగితే, "మా అల్లుడు కొనిచ్చిందిరా, మంచిదే" అన్నాడాయన.

ఆదివారం సాయంత్రం మావాణ్ని విజయవాడ బస్సెక్కించడానికి వెళ్లాను. బస్సు కదులుతుంటే సెంటరు కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. చీటీ ఎక్కడో పడిపోయిందట.

"అన్నా, పాస్‌వర్డ్ ఏంటన్నా?"

మావాడు కిటికీలోంచి తల బయటికి పెట్టి, బస్టాండు దద్దరిల్లేలా అరిచాడు. "కోడూరు ఒకటి రెండు మూడు! క పెద్దక్షరం!"

కుర్రాడికి సరిగ్గా వినపడలేదు. టీకొట్టాయన, వెనక సీటులో ఉన్న ముసలమ్మ, కండక్టరు, ముగ్గురూ తలా ఒకసారి అందించారు.