హీటర్ ప్లగ్గు పద్యం: టీకా తాత్పర్యాలు

శీతవేళ బండి సెల్ఫు కొట్టిన లేవ
కున్న ప్లగ్గు మార్చ గొనుట యేల?
దీపమొకటి పట్టి తీగ వెంబడి పొమ్ము
దారి తెగిన ప్లగ్గు తప్పు గాదు.

ప్రతిపదార్థం: శీతవేళన్ = లంబసింగిలోనో ఆదిలాబాదులోనో పుష్యమాసపు తెల్లవారుజామున; బండి = పాత డీజిల్ కారు, ప్రకరణాన్ని బట్టి 1405 సీసీ ఇండికా; సెల్ఫు కొట్టినన్ = తాళంచెవి ఎంత తిప్పినా; లేవకున్నన్ = తెల్లపొగ కక్కడమే తప్ప అందుకోకపోతే; ప్లగ్గు = హీటర్ ప్లగ్గు (పెట్రోలు బండి స్పార్క్ ప్లగ్గుతో దీనికి చుట్టరికం లేదు); మార్చన్ = మార్చడానికి; కొనుట + ఏల = కొత్తవి కొనడమెందుకు?; దీపము + ఒకటి = 12 ఓల్టుల టెస్ట్ ల్యాంపు; తీగ వెంబడిన్ పొమ్ము = వైరింగు వెంట వెతుక్కుంటూ వెళ్ళు; దారి తెగినన్ = కరెంటు వచ్చే దారి తెగితే. తక్కినది స్పష్టము.

తాత్పర్యం: చలికి బండి లేవకపోతే ముందు ప్లగ్గులకు కరెంటు అందుతోందో లేదో చూడాలి గానీ, కొట్టుకు పరిగెత్తకూడదని భావం. రసం కరుణ, వెనకనుంచి తోసేవాళ్ళకు రౌద్రం.

విశేషాలు: డీజిలుకు నిప్పురవ్వ అక్కర్లేదు. గాలిని 20 రెట్లకు పైగా కుదిస్తే పుట్టే వేడికే అంటుకుంటుంది. అయితే ఇండికా లాంటి పాత తరం ఇంజిన్లలో డీజిలు నేరుగా సిలిండర్లో పడదు, పక్కనున్న చిన్న గదిలో పడుతుంది. చల్లబడ్డ గది గోడలు ఆ వేడిని తాగేస్తాయి. అందుకే గదికొకటి చొప్పున నాలుగు ప్లగ్గులు.

పూర్వపక్షం: డాష్‌బోర్డు మీద హీటర్ ప్లగ్గు గుర్తైన తీగచుట్ట బొమ్మ వెలిగి ఆరింది కదా! సమాధానం: చాలా పాత బండ్లలో ఆ బొమ్మ టైమరు లెక్క చెబుతుందంతే, ప్లగ్గుల క్షేమసమాచారం దానికి తెలియదు.

కవి సంగ్రహించిన దారి ఇది: బ్యాటరీ, పెద్ద ఫ్యూజు, రిలే, నాలుగు ప్లగ్గుల నెత్తిన నట్లతో బిగించిన పట్టీ, ప్లగ్గులు, ఇంజిను బాడీ, ఎర్త్ తీగ, మళ్ళీ బ్యాటరీ. ప్లగ్గు ఒక్కటే పోతే బండి వణుక్కుంటూ లేచి, కాసేపు పొగ కక్కి సర్దుకుంటుంది. నాలుగూ ఒకే రాత్రి పోవడం అరుదు. అప్పుడు దారినే అనుమానించాలి.

"దీపము" దగ్గర మాత్రం కవితో పేచీ. పచ్చగా చిలుమెక్కిన ఫ్యూజు కాలు గుండా కూడా టెస్ట్ ల్యాంపు దివ్యంగా వెలుగుతుంది, దాని ఆకలెంత? ప్లగ్గు ఒక్కొక్కటీ 10 ఆంపియర్లు దాటి లాగుతుంది. కాబట్టి ప్లగ్గులు కాలుతుండగానే మల్టీమీటరు పెట్టాలి. బ్యాటరీ దగ్గర 12 ఓల్టులుండి పట్టీ దగ్గర 8 ఉంటే, ఆ నాలుగు ఓల్టులూ దారిలో ఎవరో తిన్నారన్నమాట. ముట్టుకుంటే సుర్రుమనే జాయింటే దొంగ. బ్యాటరీ మైనస్సుకూ ఇంజిను బాడీకీ మధ్య కూడా కొలవాలి. అక్కడ ఓల్టు కనిపించినా ఎర్త్ చెడినట్టే.

పాఠాంతరం: రెండో పాదానికి "కున్న ప్లగ్గు మార్చకుండు టేల" అని స్పేర్ పార్టుల కొట్లలో ఒక పాఠం ప్రచారంలో ఉంది. గణాలు సరిపోయాయి, యతీ కుదిరింది. కరెంటొక్కటే కుదరలేదు.

"ప్లగ్గు తప్పు గాదు" అనడం కవి పక్షపాతం. ప్లగ్గూ చస్తుంది. పట్టీ విప్పి, ల్యాంపు క్లిప్పు బ్యాటరీ ప్లస్సుకు తగిలించి, ముల్లు ప్లగ్గు నెత్తిన పెడితే తెలుస్తుంది: వెలిగితే లోపలి కాయిలు తెగలేదు. పట్టీ విప్పకపోతే బతికున్న మూడూ కలిసి నాలుగోదాని చావు దాచేస్తాయి.

కవి దృష్టికి రాని రోగం ఇంకొకటుంది. రిలే కాంటాక్టులు కాలి అతుక్కుపోతే దారి తెగడం అటుంచి, తెగాల్సినప్పుడు కూడా తెగదు. తాళం తీసినా ప్లగ్గులు కాలుతూనే ఉంటాయి, తెల్లారేసరికి బ్యాటరీ చతికిలబడుతుంది. ఆ రిలే మార్చకుండా కొత్త ప్లగ్గులు వేస్తే అవీ అదే దారి పడతాయి. అలా కాలి మొన ఉబ్బిన ప్లగ్గును చల్లటి ఇంజిను మీద పానాతో లొంగదీయకూడదు; బండిని ఎలాగో లేపి, కాస్త నడిపి, వేడి మీద మెల్లగా విప్పాలి. లోపల విరిగితే హెడ్డు దించాల్సి రావచ్చు. ఆ ఘట్టం మీద పద్యమేదీ దొరకలేదు.